పొగరాయుళ్ళ సంఘం

మా ఇంట్లో చిరిగిన బనియన్‌కి ఉన్న గిరాకీ పట్టుచీరకి కూడా లేదు. నూలు గుడ్డకి కాస్త చిల్లు పడితే చాలు, మావారి మొహం వెలిగిపోతుంది. "పారెయ్యకు, ట్యాంకు తుడవడానికి బావుంటుంది" అంటారు. పెళ్ళై ముప్ఫై నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క కిటికీ తుడిచిన పాపాన పోలేదు గానీ, ఆ బండి చక్రం చువ్వలు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా, పసిపిల్లాడి వేళ్ళు తుడిచినట్టు తుడుస్తారు.

ఆ బండి పేరు యెజ్డీ రోడ్‌కింగ్. ఈ కాలం పిల్లలకి తెలీదేమో, కాస్త చెప్తాను. వెనకటికి చెకోస్లొవేకియాలో యానెచెక్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ దగ్గర మోటర్‌సైకిల్ తయారీ హక్కులు కొన్నాడు. ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే జావా. మనం జ్వరం వచ్చినప్పుడు తాగే రాగి జావకీ దానికీ ఏ సంబంధమూ లేదు. పెళ్ళైన కొత్తలో నేనూ అడిగాను లెండి. 1960ల మొదట్లో మైసూరులో ఇరానీలనే పార్సీ కుటుంబంవాళ్ళు, మైసూరు మహారాజావారి అండతో, ఐడియల్ జావా అని ఫ్యాక్టరీ పెట్టి ఆ బండ్లు ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. డెబ్భైల్లో వాటి పేరు యెజ్డీ అయింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇంత చరిత్ర నాకు ఎలా తెలుసంటే, మా ఇంటికి కాఫీకి వచ్చిన ప్రతి మనిషికీ మావారు ఇదంతా చెప్తారు, నేను వంటింట్లోంచి వింటాను. మా అమ్మాయి పెళ్ళిచూపులకి వచ్చిన వాళ్ళకి కూడా చెప్పారు. ఆ సంబంధం కుదర్లేదు. కారణం అదని నేను అనను.

ఈ పిచ్చి మా ఇంటికే పరిమితమైతే నేను ఇంత రాసేదాన్ని కాదు. మావారికి నలుగురు స్నేహితులు. అందరూ ఎనభైల్లో ఉస్మానియా క్యాంపస్‌లో చదివినవాళ్ళే, అందరూ తార్నాక చుట్టుపక్కలే ఇళ్ళు కట్టుకునో, ఫ్లాట్లు కొనుక్కునో ఉండిపోయినవాళ్ళే. నిజాంల కాలంలో ఇక్కడ తీగె కంచె, దాని దగ్గర నాకా ఉండేవిట, అందుకే తార్-నాకా అయిందని చెప్తారు. ఈ ఐదుగుర్నీ చూస్తే ఆ తీగె ఇంకా ఎక్కడో ఉందనిపిస్తుంది. ఒక్కరూ దాటి పోలేదు.

ఐదుగురికీ ఐదు పాత బండ్లు. మావారిది యెజ్డీ. ఒక అన్నయ్యది బుల్లెట్, కుడికాలి వైపు గేరూ ఎడమకాలి వైపు బ్రేకూ ఉండే పాత రకం. ఒకసారి వాళ్ళబ్బాయి తెలీక గేరు మార్చబోయి బ్రేకు తొక్కి, వెనక కూర్చున్న వాళ్ళమ్మని తన వీపుకి అప్పచ్చిలా అతికించుకున్నాడు. ఇంకో అన్నయ్యది రాజ్‌దూత్ జీటీఎస్. 1973లో బాబీ సినిమా వచ్చి దేశమంతా ఊగిపోయింది కదా, ఆ సినిమాలో తిరిగిన బుల్లి బండి అదే, అందుకని దాన్ని బాబీ బండి అనేవారు. మా అందరికీ ఆయన బాబీ అన్నయ్యే. ఆయన బరువు తొంభై ఆరు కిలోలు. బండి మీద ఆయన కూర్చుంటే కింద బండి ఉందని నమ్మకం మీద చెప్పాల్సిందే. ఇక మాస్టారిది అల్విన్ పుష్పక్ స్కూటరు. అచ్చంగా మన హైదరాబాదు సరుకు. 1942లో మొదలైన ఆ అల్విన్ కంపెనీయే ఒకప్పుడు ఫ్రిజ్‌లూ, చేతి గడియారాలూ, బస్సుల బాడీలూ కూడా చేసేది. మోటర్‌సైకిళ్ళ గుంపులో స్కూటరుకి సభ్యత్వం ఇవ్వచ్చా లేదా అని వీళ్ళు మా హాల్లో కూర్చుని మూడు ఆదివారాలు వాదించుకున్నారు. మూడో ఆదివారం మాస్టారు లేచి, "పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుంది. రేపు మీ బండ్లు ఆగిపోతే గుర్తు తెచ్చుకోండి" అని శపించినట్టు చెప్పి వెళ్ళిపోయారు. ఆ వారంలోనే ఇద్దరి బండ్లు ఆగిపోయాయి. సభ్యత్వం ఇచ్చేశారు.

ఐదో ఆయన జావా అన్నయ్య. ఆయన సంగతి కాస్త ఆగి చెప్తాను.

ఈ గుంపుకి పేరు లేదు. పదమూడేళ్ళుగా పేరు పెట్టుకోవాలని అనుకుంటూనే ఉన్నారు. ఒకరు లయన్స్ అంటారు, ఒకరు డెక్కన్ అంటారు, పొద్దుపోయేసరికి ఏదీ తేలదు. మేం ఆడవాళ్ళం మాత్రం మొదటిరోజే పెట్టేశాం: పొగరాయుళ్ళు. వాళ్ళలో ఒక్కరూ సిగరెట్టు ముట్టరు. కానీ ఆదివారం పొద్దున్నే క్యాంపస్‌లోకి బయల్దేరితే, ఎన్‌సీసీ గేటు దాకా ఆ పొగ వాళ్ళ వెనకాలే కుక్కపిల్లలా వస్తుంది. బుల్లెట్ తప్ప మిగతావన్నీ టూ-స్ట్రోక్ బండ్లు కదా, పెట్రోల్లో ఆయిల్ కలిపి పొయ్యాలి. లీటరుకి నలభై మిల్లీలీటర్లని మావారి లెక్క. ఒకప్పుడు బంకుల్లో ఆ నూనె కలిపి పోసే పంపు విడిగా ఉండేది. ఇప్పుడది కనపడ్డం లేదని సీసా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. కొలవడానికి మా మనవరాలి దగ్గుమందు మూత పట్టుకుపోయారు. ఇప్పుడు దగ్గుమందు వెయ్యాలంటే మేం చెంచా లెక్కన ఉజ్జాయింపుగా వేస్తున్నాం, యెజ్డీకి మాత్రం ఖచ్చితమైన మోతాదు అందుతోంది.

ఒకసారి వర్షాకాలంలో వీళ్ళు సీతాఫల్‌మండి వైపు ఒక సందులోంచి వెళ్తుంటే వెనకాల పదిహేను మంది పిల్లలు కేకలు పెడుతూ పరిగెత్తడం మొదలుపెట్టారట. బాబీ అన్నయ్య మురిసిపోయి చెయ్యి ఊపారట కూడా. తీరా చూస్తే, మునిసిపాలిటీ దోమల మందు బండి వచ్చిందనుకున్నారు పిల్లలు! ఒకామె గుమ్మంలోకొచ్చి, "అన్నా, మా ఇంటెనక జర ఎక్కువ కొట్టు, అక్కడ మస్తు దోమలున్నయ్" అని అడిగిందట. ఆవిడ మాట కాదనలేక మావారు ఇంటి వెనక్కి వెళ్ళి రెండు నిమిషాలు యాక్సిలరేటర్ తిప్పి వచ్చారు. దోమలు పోయాయో లేదో తెలీదు.

ఇంకా ఒక దొంగ కథ ఉంది. జావాలకీ యెజ్డీలకీ ఒక వింత ఉంది. కిక్కు కొట్టే రాడ్డూ, గేరు మార్చే రాడ్డూ ఒకటే. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు రాడ్డవుతుంది, స్టార్టయ్యాక మళ్ళీ వెనక్కి తిప్పితే గేరు. తెలిసినవాళ్ళకి సులువే, తెలీనివాళ్ళకి ఆ బండికి కిక్కే లేదనిపిస్తుంది. ఒక రాత్రి మా గేటు ముందునుంచి యెజ్డీని ఎవరో తోసుకుపోయారు. తెల్లారేసరికి మావారు నేల మీద కూలబడిపోయారు. మా అత్తగారు పోయినప్పుడు కూడా ఆయన అలా కూర్చోలేదు. వెతుక్కుంటూ వెళ్తే నాలుగు వీధుల అవతల కిళ్ళీ కొట్టు పక్కన బండి నిలబడి ఉంది. సీటు మీద చెమట మరకలు, చుట్టూ చెప్పుల గుర్తులు. పాపం, రాత్రంతా కిక్కు ఎక్కడుందో వెతికి వెతికి విసుగొచ్చి వదిలేసిపోయాడన్నమాట. ఆ దొంగ దొరికితే ఎలా స్టార్ట్ చెయ్యాలో నేర్పిస్తానని మావారు చాలా రోజులు అన్నారు.

భువనగిరి ప్రయాణం గురించి ఇంకోసారి విడిగా రాయాలి, ఇప్పుడు కొద్దిగానే చెప్తాను. తార్నాక నుంచి హబ్సిగూడ, ఉప్పల్, ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా భువనగిరి యాభై కిలోమీటర్ల లోపే. అక్కడ ఒకే ఒక్క పెద్ద బండరాయి మీద చాళుక్యుల నాటి కోట ఉంది. వీళ్ళు ఐదు బండ్ల మీదా, మేం ఆడవాళ్ళం వెనకాల కారులో పులిహోరా పెరుగన్నంతోనూ. ఘట్‌కేసర్ దగ్గర బాబీకి పంక్చరు. అది దాటాక బుల్లెట్‌కి క్లచ్ వైరు తెగింది. బీబీనగర్ వచ్చేసరికి యెజ్డీ ప్లగ్గు నూనె పట్టి నల్లబడి మొరాయించింది. మావారు కారు దగ్గరికొచ్చి చాలా మర్యాదగా, "నీ గోళ్ళ ఆకురాయి ఒకసారి ఇస్తావా" అన్నారు. ప్లగ్గు గీకడానికి! పుష్పక్ స్టార్ట్ కాకపోతే మాస్టారు దాన్ని పక్కకి పడుకోబెట్టి, కాసేపాగి లేపి, మళ్ళీ కొడతారు. పెట్రోలు కిందకి దిగడానికి అప్పట్లో స్కూటర్లున్న వాళ్ళంతా చేసిన విద్యే అది, మీ నాన్నగార్ని అడగండి. చివరికి మేం నలుగురం కోటెక్కి దిగి, పులిహోర తిని, ఫోటోలు దిగాం. వాళ్ళు ఆ రోజంతా బీబీనగర్‌లో మెకానిక్ షాపు చూశారు. సాయంత్రం మూడు బండ్లు డీసీఎంలో ఎక్కి ఇంటికి చేరాయి. తిన్నగా వెళ్ళి తిన్నగా వచ్చినవి రెండే, పుష్పక్, జావా.

ఆ జావా ఎప్పుడూ అంతే. మిగతా నాలుగూ దారిలో అలిగితే ఇది వెనక్కి వచ్చి అందరి కోసం తాళ్ళూ పెట్రోలూ మోసేది. 1971లో ఆ అన్నయ్య వాళ్ళ నాన్నగారు కొన్నారు దాన్ని. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. ముదురు ఎరుపు రంగు ట్యాంకు, రెండు పక్కలా వెండిలా మెరిసే పలకలు, మోకాళ్ళు ఆనించడానికి రబ్బరు మెత్తలు. వెనక్కి సాగిన రెండు సైలెన్సర్లు. ఆ బండి మీదే తండ్రి కొడుకుని ఇంజినీరింగ్ కాలేజీ దగ్గర దింపేవారట. తర్వాత ఆ కొడుకు అదే బండి మీద పెళ్ళాన్ని స్కూలు దగ్గర దింపేవారు. ఆవిడ లెక్కల టీచరు. నాకు ఆవిడ వదిన, ఆవిడకి నేనూ వదిననే. ఒకళ్ళనొకళ్ళం వదినా అని పిలుచుకుంటాం, ఎవరు పెద్దో ఇంతవరకూ తేల్చుకోలేదు. ఆవిడ తేల్చుకోనిచ్చిన లెక్క అదొక్కటే.

అన్నయ్యకి ఒక కోరిక ఉండేది. యాభై ఏళ్ళు దాటితేనే వింటేజ్ అంటారనీ, మన గుంపులో మొదట ఆ గౌరవం దక్కేది తన జావాకేననీ. "మీవన్నీ పాత సామాన్లు. నాది పురాతన వస్తువు" అని వెక్కిరించేవారు. 2021 వస్తే బండికి యాభై నిండుతాయి. ఆ ఏడు జూలైలో జావా రోజుకి ఆర్ట్స్ కాలేజీ ముందు బండికి షష్టిపూర్తి లాగా అర్ధశతం పండగ చెయ్యాలని ముందే అనేసుకున్నారు. ఏటా జూలైలో రెండో ఆదివారం జావా, యెజ్డీల వాళ్ళు అన్ని ఊళ్ళల్లోనూ బండ్లు బయటికి తీస్తారు, అదొక పండగ వాళ్ళకి. 1939లో తెరిచిన ఆ గులాబీ రాతి భవనం మెట్ల ముందు బండి పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, ఫోటో. దండకి కొలత కూడా తీసుకున్నారు.

2021 మే నెలలో అన్నయ్య పోయారు. ఆ నెలలో ఎంతమంది పోయారో మీకు చెప్పక్కర్లేదు. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. వీళ్ళు నలుగురూ నలభై ఏళ్ళ స్నేహితులు, ఒక్కరికీ ఆయన్ని చూడ్డానికి వీల్లేకపోయింది. ఫోన్లో చూశారు. మావారు ఆ రోజు రాత్రి బయటికెళ్ళి యెజ్డీ తుడుస్తూ కూర్చున్నారు. నేను గుడ్డలు అందిస్తూ కూర్చున్నాను.

జూలై రెండో ఆదివారం వచ్చింది. లాక్‌డౌన్ ఎత్తేశారు అప్పటికి. నలుగురూ వదిన వాళ్ళ అపార్ట్‌మెంటు సెల్లార్‌కి వెళ్ళారు, ఒక్కసారి బండి స్టార్ట్ చేసి వద్దామని. నేనూ వెళ్ళాను. వదినని పలకరించాలంటే పైకి వెళ్ళాలి, కానీ ముందు కింద ఇది అయ్యాక వెళ్దామన్నారు వీళ్ళు. మావారు కొట్టారు. బుల్లెట్ అన్నయ్య కొట్టారు. బాబీ అన్నయ్య తొంభై ఆరు కిలోలూ వేసి కొట్టారు. మాస్టారు దాన్ని స్కూటరు అనుకుని పక్కకి వంచబోతే అందరూ అరిచారు. ప్లగ్గు విప్పారు, ఊదారు, బిగించారు. ఎండాకాలం ముందు పోసిన పెట్రోలు పాడైపోయి ఉంటుందని ఒకరు, కార్బొరేటర్ పట్టేసిందని ఒకరు. మోకాళ్ళు పట్టుకుని అందరూ మెట్ల మీద కూర్చున్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడ్డం లేదు.

వదిన ఎప్పుడు దిగి వచ్చిందో మేం చూడలేదు. లిఫ్టు పక్కన నిలబడి ఉంది. చాలాసేపు చూసి, "కాక్ తెరిచారా?" అంది.

ట్యాంకు కింద చిన్న కుళాయి ఉంటుంది, పెట్రోలు వదలడానికి. అన్నయ్య ప్రతిసారీ బండి ఆపగానే దాన్ని కట్టేసేవారు. మిగతావాళ్ళెవరూ కట్టరు, అందుకే ఎవరికీ తట్టలేదు. నలభై ఏళ్ళు బండి ఇంజినీర్లమని చెప్పుకున్న నలుగురు మగవాళ్ళు! మావారు వంగి కాక్ తిప్పారు. రెండో కిక్కుకి అందుకుంది. సెల్లార్ అంతా పొగ. ఆ పొగలో ఎవరు ఏడ్చారో ఎవరికీ తెలీలేదు, అందరి కళ్ళూ మండుతున్నాయి కదా.

ఆ నెలలోనే కేంద్ర ప్రభుత్వం వింటేజ్ బండ్ల నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బండికి వీఏ అనే అక్షరాలతో వేరే నంబరు, రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేలు, పదేళ్ళకి చెల్లుతుంది, తర్వాత మళ్ళీ చేయించుకోవాలంటే ఐదు వేలు. పేపర్లో చదివి మావారు కాగితం మడిచి పెట్టేశారు. రెండు నెలలు ముందొస్తే ఎంత బావుండేదో అనుకున్నారని నాకు తెలుసు. ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

తర్వాత ఏడాదిన్నరకి అసలు గొడవ మొదలైంది. సెల్లార్‌లో వాడని వాహనాలు తీసెయ్యాలని అపార్ట్‌మెంటు వాళ్ళు నోటీసు అంటించారు. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి, "అమ్మేసెయ్యమ్మా, నీకెందుకు ఆ తలనొప్పి" అన్నాడు. వదిన మా ఇంటికి వచ్చి మావారితో, "అన్నయ్యగారూ, మంచి బేరం ఏదైనా చూడండి" అంది. మావారు సరేనన్నారు.

అప్పుడు ఈ నలుగురూ కలిసి ఒక పని చేశారు. అమ్మకుండా ఉండాలంటే బేరం కుదరకూడదు. అందుకని ఒక్కొక్కరు ఒక్కొక్క కొనేవాణ్ణి పట్టుకొచ్చేవాళ్ళు. ఒకాయన వచ్చి బండి చుట్టూ తిరిగి పెదవి విరిచి ఎనిమిది వేలు అన్నాడు. ఇంకొకాయన ఇనుము ధర కట్టాడు. మూడో ఆయన "మా దగ్గర ఇట్లాంటివి ఫ్రీగ ఇస్తె గూడ తీస్కోరమ్మా" అన్నాడు. అతను బాబీ అన్నయ్య వాళ్ళ అల్లుడి స్నేహితుడట, బిర్యానీ పెట్టిస్తామని తీసుకొచ్చారు. ఇదంతా మావారు నాకు చెప్పలేదు. ఫోన్లో గుసగుసలు వింటే ఏదో ఆశ్చర్యపరిచే పార్టీ ప్లాన్ చేస్తున్నారనుకుంటాం గానీ, అరవై దాటిన మనుషులు ఇలాంటి నాటకం ఆడతారని ఎవరనుకుంటారు?

వదిన లెక్కల టీచరు. మూడు బేరాలయ్యాక ఆవిడ ఫోన్లో పాత జావాలు ఎంతకి అమ్ముతున్నారో చూసింది, పుస్తకంలో రాసుకుంది. ఒక శనివారం మా అందర్నీ కాఫీకి పిలిచింది. వేడి వేడి పకోడీలు పెట్టింది. అందరూ తింటుండగా పుస్తకం తెరిచి చదివింది. "మొదటి బేరం ఎనిమిది వేలు. రెండోది ఇనుము. మూడోది సున్న. బజార్లో ధర లక్షకి పైనే. ముగ్గురూ మీ ద్వారా వచ్చినవాళ్ళే. ఇందులో నేను కనుక్కోవాల్సింది ఏమిటి?" అంది. పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచినట్టే అడిగింది. ఎవరి నోట్లో పకోడీ వాళ్ళ నోట్లోనే ఆగిపోయింది.

బుల్లెట్ అన్నయ్యే మొదట తేరుకుని, "పొరపాటయింది చెల్లెమ్మా. అది పోతే వాడు మళ్ళీ పోయినట్టుంటదని..." అన్నారు.

వదిన కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. "మీకు ఆదివారం పూట గుర్తొస్తాడు అన్నయ్యా. నాకు కూరలకి దిగినప్పుడల్లా కనిపిస్తుంది ఆ బండి. పాలకి దిగినా, చెత్త పారెయ్యడానికి దిగినా. ఒక్కోరోజు ధైర్యంగా ఉంటుంది, ఒక్కోరోజు మెట్ల మీంచి వెనక్కి వెళ్ళిపోతాను. ఉంచాలో అమ్మాలో నాకే తేలట్లేదు. అది నేను తేల్చుకోవాలి. మీరు నా బదులు తేల్చేశారు. ఒక్క మాట నన్ను అడిగారా?" అంది.

ఆ రోజు ఇంటికి వచ్చాక మావారు భోంచెయ్యలేదు. నేను బతిమాలలేదు. వదిన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా తీసెయ్యడానికి లేదని నాకనిపించింది. మగవాళ్ళు స్నేహితుడి మీద ప్రేమతో చేసే పనుల్లో ఆ స్నేహితుడి భార్య ఎక్కడుంటుందో వాళ్ళకి ఒక్కోసారి కనపడదు.

వారం తిరక్కుండా వదినే ఫోన్ చేసింది. "ముందు ఆ బండి నా పేరు మీదికి రానివ్వండి. నాదయ్యాక అమ్ముతానో ఉంచుతానో చూస్తా. ఆయన పేరు మీద ఉన్నదాన్ని నేనెలా అమ్ముతాను, ఎలా ఉంచుతాను?" నిజమే కదా, అంతమంది పెద్దమనుషుల్లో ఈ మాట ఒక్కరికీ తోచలేదు.

యజమాని పోతే బండి వారసుల పేరుకి మార్చుకోవడానికి ఫారం 31 అని ఉంటుంది. దాంతో పాటు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, అబ్బాయి నుంచి అభ్యంతరం లేదని కాగితం, ఇన్సూరెన్సు, పొల్యూషన్. ఈ నలుగురూ ఆ కాగితాల కోసం తిరిగినట్టు తమ పిల్లల అడ్మిషన్లకి కూడా తిరగలేదు. ప్రాయశ్చిత్తం అనుకోండి. ఆలస్యానికి జరిమానా కట్టారు. పొల్యూషన్ సర్టిఫికెట్ రోజు మాత్రం నలుగురూ వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నారు. బండి స్టార్ట్ చెయ్యగానే పరీక్ష చేసే కుర్రాడు రెండడుగులు వెనక్కి వేశాడట. కార్బొరేటర్ శుభ్రం చేయించి, మంచి నూనె కొలతగా పోసి, రెండోసారి వెళ్తే గానీ గట్టెక్కలేదు.

ఇక్కడ మళ్ళీ ఒక వాదన. ఎలాగూ రిజిస్ట్రేషన్ పని పెట్టుకున్నాం, యాభై దాటింది, వీఏ నంబరు వేయించేద్దాం, వాడి కోరిక అదే కదా అని మాస్టారు. ఇరవై వేలు నలుగురం వేసుకుందాం అని మావారు. వదిన నియమాలన్నీ ప్రింటు తీయించి, కింద గీతలు పెట్టుకుని చదివింది. అలా రిజిస్టరైన బండిని రోజూ తిప్పడానికి లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోడ్డెక్కకూడదు.

"అంటే కూరలకి తీసుకెళ్ళకూడదా?" అంది.

"కుదరదు వదినా."

"అయితే వద్దు. మామూలుదే చేయించండి."

మామూలుగా ఐదేళ్ళకి పొడిగించడానికి అప్పట్లో కట్టాల్సింది వెయ్యి రూపాయలు. తనిఖీ రోజు నేనూ వదినతో వెళ్ళాను. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తారు, చిన్నప్పుడు మనం రూపాయి బిళ్ళ అచ్చు తీసుకున్నట్టు. తుప్పు పట్టి అంకెలు సరిగా పడట్లేదు. వదిన పర్సులోంచి తన పెన్సిలు తీసి, "టూ-బీ అయితే బాగా పడుతుంది" అని తనే వంగి రుద్దింది. అంకెలన్నీ పడ్డాయి. ఇన్‌స్పెక్టరు కుర్రాడే, ముప్ఫై ఏళ్ళుంటాయేమో. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, లైటూ హారనూ చూసి, "ఎవరు నడుపుతారమ్మా?" అన్నాడు. నలుగురు మగవాళ్ళూ చేతులెత్తారు. వదిన వాళ్ళవైపు ఒకసారి చూసి, "ఓనర్ని నేను. వీళ్ళు డ్రైవర్లు" అంది.

మూడు వారాలకి వదిన పేరుతో కార్డు పోస్టులో వచ్చింది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. బండి అమ్మలేదు. ఉంచుతానని కూడా ఆవిడ చెప్పలేదు, ఎవరూ అడిగే ధైర్యం చెయ్యలేదు. వాడని వాహనం అనకుండా, వారానికొకరు వంతులవారీగా దాన్ని బయటికి తియ్యాలని రూలు పెట్టింది. దానికో నోట్‌బుక్ ఉంది. తేదీ, ఎవరు, ఎన్ని కిలోమీటర్లు, పెట్రోలు ఎంత, నూనె ఎంత. బండి ఆపాక కాక్ కట్టారా లేదా అన్నదానికి విడిగా ఒక గడి, టిక్కు పెట్టాలి. అద్దె కింద ఆ వారానికి వదినకి కావలసిన కూరలు తేవాలి. బాబీ అన్నయ్య ఒకసారి గోరుచిక్కుడు ముదురుది తెచ్చారని ఆ వారం ఆయన కిలోమీటర్లు తగ్గించింది. మాస్టారు స్కూటరు మనిషి కాబట్టి ముందు నెలరోజులు క్యాంపస్ లోపలే తిప్పి చూపించాల్సి వచ్చింది, వదిన ల్యాండ్‌స్కేప్ గార్డెన్ దగ్గర గొడుగేసుకుని నిలబడి చూసింది.

మొన్న ఆదివారం మావారి వంతు. పావుకిలో పచ్చిమిర్చి, అరకిలో దొండకాయలు, రెండు కట్టలు గోంగూర, ఒక కట్ట కొత్తిమీర అని చీటీ. ఆయన క్యాంపస్ అంతా తిరిగి, ఆర్ట్స్ కాలేజీ ముందు జావాని నిలబెట్టి ఫోటో తీసి, గుంపుకి పంపి, దారిలో టీ తాగి, తొమ్మిదింటికి సంచీ పట్టుకుని వెళ్ళారు. కాక్ కట్టారు, టిక్కు పెట్టారు. కొత్తిమీర మర్చిపోయారు. వదిన నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాసింది: "కొత్తిమీర బాకీ." మావారు సాయంత్రం మా ఫ్రిజ్‌లోంచి నా కొత్తిమీర కట్ట తీసుకెళ్ళి ఇచ్చి వచ్చారు.